గురువారం ముస్తాబు

జనవరి 4, గురువారం

సంతకి వెళ్ళాను. కొత్త లుంగీ కట్టాను, నలుపు మీద ఎర్ర చారలది, మోకాళ్ళ కిందికి బెత్తెడు దిగేలా. తలకి నువ్వుల నూనె, కళ్ళకి సురమా. పూలమ్మే సాలిహా అత్త ముందు కూర్చుని తలకి దండ కట్టించుకున్నాను. తిరిగి వచ్చేటప్పుడు హైలక్స్ బండి అద్దంలో చూసుకున్నాను. బాగున్నాను. రాయడానికి సిగ్గెందుకు, ఇది నా డైరీ.

అన్నయ్య హాదీ జైల్లో ఉన్నాడు. రంజాన్ పండగ వెళ్ళాక తల తీస్తారు. నేను తలకి పూలు చుట్టుకుని సంతలో తిరుగుతున్నాను. రెండూ పక్కపక్కన రాస్తే ఎలా ఉంటుందో చూద్దామని రాశాను. బాగాలేదు.

సాలిహా అత్త నోరు ఊరుకోదు. మీ అన్న మెడ మీద కత్తి వేలాడుతుంటే నీకు బంతిపూలు ముందుకి పెట్టాలా వెనక్కి పెట్టాలా అని బెంగ, సిగ్గూ శరం ఎక్కడ అమ్ముకున్నావురా జబ్రాన్ అంది. అంటూనే చేతులు ఆపలేదు. నేనూ ఊరుకోలేదు. ఈ కొండల్లో మగాడు పూలు లేని బోడితలతో సంతకొస్తే ఇంట్లో ఎవరు పోయారని అడుగుతారు, మా ఇంట్లో ఇంకా ఎవరూ పోలేదు, పోనివ్వను కూడా, అందుకే పెట్టుకుంటున్నా అన్నాను. ఆవిడ దారం పంటితో తెంపి, సరే కదలకు, వంకరవుతుంది అంది.

జనవరి 6, శనివారం

రాజధాని రియాద్ నుంచి నాయిఫ్ ఫోన్. మా పెదనాన్న కొడుకు. వాడి కంపెనీలో రిసెప్షన్‌లో ఉద్యోగం ఉందట, పండగ తర్వాత చేరాలి. ఏసీ గది, తెల్ల తోబ్, నెల తిరిగేసరికి జీతం. ఒకటే కండిషన్ అన్నాడు నవ్వుతూ. ఆ లంగా, ఆ పూలు ఊళ్ళోనే వదిలేసి రా, ఇక్కడ ఎవరైనా చూస్తే పెళ్ళిలోంచి తప్పిపోయిన పెళ్ళికూతురనుకుంటారు అన్నాడు. నువ్వు వేసుకునేది మెడ నుంచి మడమలదాకా గౌను కాదా, నాది కనీసం నడుం దగ్గర మొదలవుతుంది అన్నాను. 

కానీ వెళ్ళాలనే ఉంది. ఇక్కడ నన్ను చూసే ప్రతి కన్నూ ముందు పూలని చూస్తుంది, తర్వాత హాదీ తమ్ముణ్ణి చూస్తుంది. అక్కడ నేను ఎవరి తమ్ముణ్ణీ కాను. వస్తానని చెప్పేశాను. అమ్మకి ఇంకా చెప్పలేదు.

జనవరి 11, గురువారం

ఎప్పుడో ఒకప్పుడు రాయాల్సిందే, ఇవాళ రాసేస్తాను.

రెండేళ్ళ కిందట సంత దారిలో, కొండ అంచున ఇరుకు మలుపు దగ్గర, అన్నయ్య బండీ ఫర్హాన్ బండీ ఎదురుపడ్డాయి. ఎవరో ఒకరు వెనక్కి తీయాలి. ఇద్దరూ తీయలేదు. దిగారు. మాటా మాటా పెరిగింది. నడుముకి కత్తి మాకు దండలాంటిదే, ముస్తాబులో భాగం. వెండి ఒర, కొమ్ము పిడి. పెళ్ళిలో ఆడేటప్పుడు తప్ప దాన్ని ఒరలోంచి తీసిన మగాణ్ణి బుద్ధెరిగాక నేను చూడలేదు. ఆ రోజు నేను సంతలోంచి పరిగెత్తుకొచ్చేసరికి అన్నయ్య కత్తి రోడ్డు మీద పడి ఉంది. ఫర్హాన్ కూడా. వాడి తలమీద దండ మాత్రం చెక్కుచెదరలేదు.

ఫర్హాన్ నా స్నేహితుడు. బడిలో ఇద్దరిదీ ఒకే బెంచీ. ఈ కొండ మీద వాడిలా ముస్తాబయ్యేవాడు ఇంకొకడు లేడు. నేను రెండోవాణ్ణి. అందరూ బంతిపూలు ఎగబడి పెట్టుకుంటే వాడు పెట్టుకునేవాడు కాదు, పసుపు అరుస్తుందిరా, దవనం మాట్లాడుతుంది అనేవాడు. నాకు బంతే ఇష్టం. దానిమీద ఎంత పోట్లాడుకున్నామో.

బట్టలపెట్టె సర్దడం నాకు నేర్పింది వాడే. అడుగున ఎండిన దవనం, నడుమ మరువం, పైన మొగలి రేకులు, వాటి మీద లుంగీలు. మూత ఊరికే తెరవకూడదు. ఇవాళ పాత రేకులు తీసి కొత్తవి వేశాను. ఆ వాసన ఇప్పుడు నా ముక్కుకి తెలియనే తెలియదు, అంత అలవాటైపోయింది. అమ్మ మాత్రం అంటుంది, నువ్వు మలుపు తిరగకముందే నీ వాసన ఇంట్లోకి వస్తుందని.

జనవరి 14, ఆదివారం

యహ్యా తాత ఇంట్లో మా వంశం మగాళ్ళమంతా కూర్చున్నాం. ఆయనే మాకు పెద్ద. నాన్న పోయాక మా ఇంటికీ ఆయనే.

ఫర్హాన్ తండ్రి ముఫర్రిహ్ బాబాయ్ ఇప్పటిదాకా వెళ్ళిన ప్రతి పెద్దమనిషినీ తిప్పి పంపాడు. రక్తపరిహారం డబ్బు వద్దన్నాడు. నా కొడుకుని తూకానికి పెట్టను అన్నాడు. కోర్టులో ఇక చేసేదేమీ లేదు. చనిపోయినవాడి ఇంటివాళ్ళు క్షమిస్తే తప్ప అన్నయ్య బతకడు. ఇక మిగిలింది ఒకటే. మేమంతా ఆయన వాకిట్లో కూర్చోవాలి. ఆయన తలుపు తీసి మాట్లాడేదాకా లేవకూడదు. ఫిబ్రవరి 2, శుక్రవారం అని నిర్ణయించారు.

తలలు బోడిగా ఉండాలి. సురమా వద్దు, నూనె వద్దు, నడుముకి కత్తి వద్దు, రంగు లుంగీ వద్దు. ఒక్క పువ్వు కనబడినా చావింటికి పెళ్ళిబట్టలతో వెళ్ళినట్టే, ఆయన తలుపేసుకుంటాడు, హాదీ మెడ మీ సోకుకి బలైపోతుంది అన్నాడు యహ్యా తాత. అందరికీ చెబుతూ నన్నొక్కణ్ణే చూశాడు. నాకు ఒళ్ళు మండింది. నేనేం చంటిపిల్లాణ్ణా.

జనవరి 18, గురువారం

సంతలో ముఫర్రిహ్ బాబాయ్ ఎదురుపడ్డాడు.

సాలిహా అత్త దండ ముడి బిగిస్తోంది. ఉన్నట్టుండి సంత మాటలు తగ్గాయి. తలెత్తితే ఆయన. నెత్తిమీద ఏమీ లేదు. కొడుకు పోయినప్పటి నుంచి అంతే. ఇన్ని పూల తలల మధ్య ఆ బోడితల ఎంత దూరం నుంచైనా కనిపిస్తుంది. ఉప్పు కొనుక్కున్నాడు. వెళ్తూ వెళ్తూ నా ముందు ఆగాడు. సలాం చెప్పాను. జవాబు చెప్పలేదు. నా కళ్ళలోకి కాదు, నా నుదుటి మీది బంతిపూల వైపు చూశాడు. నా చేతులు ఒళ్ళోనే ఉన్నాయి, ఏం చేయాలో వాటికి తెలియలేదు.

ఆయన వెళ్ళాక సాలిహా అత్త నెమ్మదిగా, ఈ దండ ఇక్కడే వదిలిపోతావా అంది. వదిలేశాను. అయినా ఇంటికొచ్చేదాకా తల బరువుగానే ఉంది.

జనవరి 20, శనివారం

కింద పట్నంలో జైలుకి వెళ్ళాను. అద్దానికి అటు అన్నయ్య, ఇటు నేను, చెరో ఫోన్. అన్నయ్య ప్యాంటు వేసుకున్నాడు. ఎన్నిసార్లు చూసినా వేరే ఎవరో అనిపిస్తుంది. మొగలి వచ్చిందా సంతకి అని అడిగాడు. వచ్చిందన్నాను. అమ్మ నిద్రపోతోందా అన్నాడు. పోతోందన్నాను. అబద్ధం.

ఫిబ్రవరి 2 సంగతి చెప్పాను. ముఫర్రిహ్ బాబాయ్ ఒప్పుకోడు, నేనైనా ఒప్పుకోను అన్నాడు.  టైమైపోయిందని గార్డు భుజం తట్టినప్పుడు, భయంగా ఉందిరా అన్నాడు. అన్నయ్య నోట ఆ మాట నేనెప్పుడూ వినలేదు.

ఫిబ్రవరి 1, గురువారం

సంతకి వెళ్ళలేదు.

అమ్మ రేగాకు నూరి నా తల రెండుసార్లు కడిగింది. కళ్ళు ఎర్రబడేదాకా సురమా తుడిచింది. చంటివాడికి పోసినట్టు పోసింది నీళ్ళు. ఎక్కడా ఏమీ మిగలకూడదురా, వాడి ప్రాణం నీ ఒంటి మీద ఉందనుకో అంది.

రంగు లేని లుంగీ కోసం ఇల్లంతా వెతికాను. నావన్నీ చారలు, పువ్వులు, జరీ అంచులు. చివరికి పెట్టె అట్టడుగున ఒకటి దొరికింది, అద్దకం వేయని నూలుది. దులిపి మేకుకి తగిలించాను. రేపటికి సిద్ధం.

ఫిబ్రవరి 2, శుక్రవారం, సాయంత్రం

 

తెల్లారుతుండగా వెళ్ళాం. వంశం మొత్తం కదిలింది. అందరివీ బోడితలలే. పొగమంచులో ఒకరినొకరు గుర్తుపట్టడానికి తడుముకోవాల్సి వచ్చింది. ముఫర్రిహ్ బాబాయ్ వాకిట్లో రాళ్ళ మీద కూర్చున్నాం. తలుపు మూసి ఉంది. యహ్యా తాత లేచి, ముఫర్రిహ్, మేం వచ్చాం, నీ గుమ్మం తప్ప మాకు దిక్కులేదు అని చెప్పి కూర్చున్నాడు.  లోపల ఎవరో దగ్గారు. 

చాలాసేపు అలాగే కూర్చున్నాం. ఎండ కొండ దాటి వాకిట్లోకి దిగింది. మంచు విడిపోయింది. రాళ్ళు వెచ్చబడ్డాయి, బట్టలు వెచ్చబడ్డాయి. నా పక్కన కూర్చున్నవాడు ముక్కు ఎగబీల్చాడు. తర్వాత వాడి పక్కవాడు. యహ్యా తాత మెడ తిప్పి నావైపు చూశాడు, ఆ చూపుకి నేను కాలిపోవాలి. నాకేమీ అర్థం కాలేదు. ఒట్టు, అర్థం కాలేదు. సురమా మిగిలిందేమోనని కళ్ళు తుడుచుకున్నాను. వేలికి ఏమీ అంటలేదు.

అప్పుడు తలుపు తెరుచుకుంది. మా వాళ్ళలో ఒకడు సంతోషంతో ఏడ్చేశాడు. ముఫర్రిహ్ బాబాయ్ బయటికొచ్చి మా వరస పొడవునా ఒక్కొక్కణ్ణే చూసుకుంటూ నడిచాడు. నా ముందు ఆగాడు. వంగాడు. నా ఒళ్ళో లుంగీ మడతల మీదికి మొహం తెచ్చి ఊపిరి పీల్చాడు.

అప్పటికి తెలిసింది. పెట్టె. తల కడుక్కున్నాను, కళ్ళు కడుక్కున్నాను, కత్తి విప్పాను, పెట్టె మర్చిపోయాను. ఆ గుడ్డ అట్టడుగున ఎన్నాళ్ళు దవనంలో నానిందో. మొత్తం వాకిలి గుబాళిస్తోంది, నా ముక్కుకి తప్ప అందరికీ తెలుస్తోంది.

పెళ్ళికొచ్చావా నాయనా అన్నాడు. అంతే. అరవలేదు. అరిచినా బాగుండేది. వెనక్కి తిరిగి లోపలికెళ్ళాడు. గడియ పడింది.

జుమా నమాజు వేళదాకా కూర్చున్నాం. తలుపు మళ్ళీ తెరుచుకోలేదు. వచ్చేటప్పుడు నా బండి ఎవరూ ఎక్కలేదు. నిన్ను తీసుకురాకపోతే సొంత తమ్ముడే రాలేదంటారు, తీసుకొస్తే ఇదీ, ఎటు చూసినా నువ్వే మా దరిద్రం అన్నాడు యహ్యా తాత.  ఏం మాట్లాడను, నిజమే కదా.

అమ్మకి నేనే చెప్పాను. తిట్టలేదు. పెట్టె దగ్గరికి వెళ్ళి మూత తీసి వాసన చూసింది. మూత వేసింది. నాక్కూడా తట్టలేదురా అంది.

ఫిబ్రవరి 3, శనివారం

ఎవరూ నాతో మాట్లాడటం లేదు.

ఫిబ్రవరి 5, సోమవారం

వాట్సాప్ గ్రూపులో ఎవరో నా పాత ఫొటో పెట్టారు. సంతలో దండతో, నవ్వుతూ. కింద, అన్న మెడ నరికే కత్తికి పూలు చుట్టిన తమ్ముడు అని రాశారు. చాలామంది చూశారు. ఒక్కడూ అది తప్పనలేదు. గ్రూపులోంచి బయటికొచ్చేశాను.

పెట్టె ఖాళీ చేశాను. దవనం, మరువం, మొగలి, అన్నీ మేకల దొడ్లో పారబోశాను. ఒక మేక రేకు నమిలి ఉమ్మేసింది. ఆ లుంగీ ఉతుకుదామని తీశాను. ఉతకలేదు. గోడ మేకుకి అలాగే ఉంది. దాన్ని చూస్తే అసహ్యం వేస్తోంది, అయినా నీళ్ళలో ముంచడానికి చెయ్యి రాలేదు.

నాయిఫ్ మెసేజ్ పెట్టాడు. రూమ్ చూశాడట. త్వరగా వచ్చేయ్ అన్నాడు.

ఫిబ్రవరి 8, గురువారం

సాలిహా అత్త సంత మధ్యలో వదిలేసి మా ఇంటికి కొండెక్కి వచ్చింది. ఆయాసం తీరకముందే చెప్పడం మొదలుపెట్టింది.

ఫర్హాన్ అమ్మ జహ్రా పిన్ని ఇవాళ సంతకి వచ్చిందట. కొడుకు పోయాక ఇదే రావడం. సాలిహా అత్త బుట్టల ముందు కూర్చుని దవనం ఒకసారి, మరువం ఒకసారి చేత్తో తీసి వాసన చూసి, ఇది కాదు, ఇదీ కాదు అంటూ అన్నీ పక్కన పెట్టిందట. చివరికి, హాదీ తమ్ముణ్ణి రేపు సాయంత్రం నమాజు అయ్యాక మా ఇంటికి పంపు, ఒక్కణ్ణే రమ్మను, ఆ రోజు కట్టుకున్న లుంగీతో రమ్మను, ఉతక్కుండా అందట.

అమ్మ వద్దంది. ప్రాణానికి ప్రాణం అంటారు, ఒకణ్ణి జైలు తినేస్తోంది, రెండోవాణ్ణి నా చేతులతో వాళ్ళ గుమ్మానికి పంపనా అంది. చంపాలనుకునేవాళ్ళు లుంగీ ఉతికాడా లేదా అని అడుగుతారటే పిచ్చిదానా అంది సాలిహా అత్త. అమ్మ నవ్వబోయి ఏడ్చింది.

వెళ్తాను. భయమేస్తోంది. అయినా అన్నయ్యకి ఇంకో గుమ్మం లేదు.

ఫిబ్రవరి 9, శుక్రవారం

ముఫర్రిహ్ బాబాయ్ గుమ్మంలో వాకిలి వైపు తిరిగి, నన్ను చూడకుండా కూర్చున్నాడు. నడుముకి కత్తి ఉంది. సలాం చెప్పి ఆయన పక్కనుంచి లోపలికి వెళ్తుంటే మెడ వెనక చెమట పట్టింది. ఆయన కదల్లేదు.

జహ్రా పిన్ని కింద కూర్చుని ఉంది. పక్కన ఫర్హాన్ పెట్టె. చిన్నప్పుడు ఈ గదిలో ఆవిడ చేతి జొన్నరొట్టె తేనెతో ఎన్నిసార్లు తిన్నానో. ఇప్పుడు కూర్చోవాలో నిలబడాలో తెలియలేదు. దగ్గరికి రా అంది. వెళ్ళాను. ఇంకా అంది. నా లుంగీ చెంగు పట్టుకుని మొహానికి ఒత్తుకుంది.

ఎంతసేపు ఉందో. నేను గోడకున్న అద్దం వైపు చూస్తూ నిలబడ్డాను. అది ఫర్హాన్ అద్దం. అందులో బోడితల, సురమా లేని కళ్ళు, ఒలిచిన గుడ్డులాంటి మొహం. నాదే.

తర్వాత మాట్లాడింది. వాడి పెట్టె రోజూ తెరిచేదాన్ని, మొదట్లో మూత తీస్తే వాడు గదిలోకి వచ్చినట్టుండేది, తీసి తీసి అవగొట్టేశాను, ఇప్పుడు ఉత్త చెక్క వాసన అంది. మొన్న మీరంతా వాకిట్లో కూర్చున్నప్పుడు కిటికీ సందులోంచి వాసనొచ్చింది, నా కొడుకొచ్చాడనుకుని లేచాను, నాకంటే ముందు ఈయన తలుపు తీశాడు అంది.

వాడు నేర్పిన వరసే పిన్నీ అన్నాను. చెప్పాను, అడుగున దవనం, నడుమ మరువం, పైన మొగలి. మూత ఊరికే తెరవకూడదు, వాసన పోతుంది. ఆవిడ నా మొహంలోకి చూసింది. ఆ సంగతి నాకు చెప్పలేదే వాడు అంది.

నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు.

మీ వాళ్ళు ఎన్నిసార్లొచ్చారు, ఎంతమందొచ్చారు అంది. అందరూ ఈయన్నే అడిగారు, నన్ను అడిగినవాడు ఒక్కడు లేడు, నేనూ వారసురాలినే కదా, ఇంట్లో ఒక్కరు క్షమించినా కత్తి ఆగుతుందని కాజీ చెప్పాడు నాకు, అడిగినా ఒప్పుకునేదాన్ని కాదనుకో అంది. నేను మోకాళ్ళ మీద పడి అడగబోయాను. ఆగు, ముందు నేనడిగేది విను అంది.

ప్రతి గురువారం సంత నుంచి వాడు ఎలా వచ్చేవాడో అలా నువ్వు రావాలి. దండ, సురమా, నూనె, పెట్టెలోంచి తీసిన లుంగీ, నడుముకి కత్తి. వచ్చి ఇక్కడ కూర్చుని కాఫీ తాగి వెళ్ళాలి. మాట్లాడక్కర్లేదు.

కత్తి కూడానా అన్నాను. నోరు జారింది. గుమ్మంలో వీపు కదిలింది. కత్తి కూడా, వాడికి ఉండేది కదా అంది.

ఎన్నాళ్ళు పిన్నీ అన్నాను. నేనున్నన్నాళ్ళు అంది. జవాబు చెప్పేలోగా నా నడుం దగ్గర ఫోన్ వణికింది. నాయిఫ్ అయ్యుంటాడు. తీయలేదు. వస్తాను అన్నాను.

గుమ్మంలోంచి ముఫర్రిహ్ బాబాయ్ తల తిప్పకుండానే అన్నాడు. గురువారాలు నేను మేకల్ని తోలుకుని పైకి పోతాను, అది చూడటం నావల్ల కాదు అన్నాడు. నీ ఇష్టం అంది ఆవిడ.

ఫిబ్రవరి 13, మంగళవారం

కోర్టులో జహ్రా పిన్ని వేలిముద్ర వేసింది. ముఫర్రిహ్ బాబాయ్ బయట బండిలోనే కూర్చున్నాడు. అన్నయ్య తల నిలిచింది. ఇంకొన్నేళ్ళు జైలు తప్పదు, ఉండనీ. అమ్మ వంటింట్లో గోడకి ఆనుకుని అలా జారి కూర్చుండిపోయింది, ఇవాళ అన్నం కూడా వండలేదు, నేనే రొట్టె కాల్చాను.

యహ్యా తాత వచ్చి నన్ను కావలించుకున్నాడు. ఆ వాసనలో దేవుడి బరకత్ ఉందని నేను ఆ రోజే అనుకున్నానురా అన్నాడు. ముసలాడికి సిగ్గులేదు.

నాయిఫ్‌కి రానని మెసేజ్ పెట్టాను. లంగా ఊపుతూ డాన్స్ చేసే బొమ్మ ఒకటి పంపాడు. బ్లాక్ చేశాను.

ఫిబ్రవరి 15, గురువారం

మొదటి గురువారం. పెట్టె మొన్ననే మళ్ళీ వాడి వరసలో నింపాను.

సాలిహా అత్త అడక్కుండానే బంతిపూల బుట్ట వెనక్కి జరిపింది. దవనం పట్టీ అల్లి, మధ్యమధ్యలో మల్లెలు గుచ్చి, మెడ వెనక మొగలి రేకు ఒకటి దోపింది. ఫర్హాన్ దండ. ఆవిడ చేతులు మర్చిపోలేదు. కడుతున్నంతసేపూ ఒక్క ఎత్తిపొడుపు మాట లేదు, అదే నాకు ఎక్కువ కష్టంగా ఉంది. సంతలో జనం పక్కకి తప్పుకుని దారిచ్చారు. కొందరు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. ఇరుకు మలుపు దగ్గర బండి నెమ్మది చేశాను, ఎదురుగా ఎవరూ లేకపోయినా.

జహ్రా పిన్ని కళ్ళు మూసుకుని కూర్చుంది. నేను కాఫీ తాగాను. కప్పు నేల మీద పెట్టాను. వెళ్ళొస్తానన్నాను. తల ఊపింది.

ముస్తాబంటే నాకు పిచ్చి. ఇవాళ అద్దంలో చూసుకోలేదు.

ఫిబ్రవరి 22, గురువారం

వెళ్ళాను. కాఫీలో అల్లం ఎక్కువైంది. తాగాను.

ఫిబ్రవరి 25, ఆదివారం

అన్నయ్యకి అంతా తెలిసిపోయింది. ఎవరు చెప్పారో. అద్దానికి అటునుంచి చాలాసేపు నన్ను తేరిపార చూశాడు. నేను చేసినదానికి శిక్ష నువ్వు అనుభవిస్తున్నావా, మానేయరా, నా తల నాది, తీస్తే తీయనీ అన్నాడు. ఇప్పుడు మానేయడానికి అది సినిమా టికెట్టు కాదన్నాను. నాకు బదులు నువ్వు జైలుకెళ్తున్నావు అన్నాడు. నా జైల్లో కాఫీ ఇస్తారు అన్నాను. ఇద్దరం నవ్వాం. రెండేళ్ళలో మేం కలిసి నవ్వడం ఇదే. తర్వాత అన్నయ్య ఫోన్ పెట్టేసి నుదురు అద్దానికి ఆనించాడు, టైమయ్యేదాకా ఎత్తలేదు.

వచ్చేటప్పుడు దారంతా కోపం. ఎవరి మీదో తెలియదు. అన్నయ్య మీద, పిన్ని మీద, చచ్చిపోయిన ఫర్హాన్ మీద కూడా. బండి వెనక్కి తీస్తే ఏం పోయేదిరా మీ ఇద్దరికీ.

ఫిబ్రవరి 29, గురువారం

మేకలు దొడ్లోనే అరుస్తున్నాయి. ముఫర్రిహ్ బాబాయ్ పైకి పోలేదు. వాకిట్లో నిలబడి ఉన్నాడు.

బండి దిగి ఆగిపోయాను. తల నుంచి కాళ్ళదాకా చూశాడు. దండ, సురమా, లుంగీ. నడుం దగ్గర కత్తి మీద చూపు ఆగింది. నా దగ్గరికి నడిచి వచ్చాడు. చెయ్యెత్తాడు. నేను కళ్ళు మూసుకున్నాను. పారిపోవాలని అనిపించలేదు, ఎందుకో తెలియదు. కొడితే కొట్టనీ, పొడిస్తే పొడవనీ, ఏదో ఒకటి అయిపోతుంది కదా అనిపించింది.

వేళ్ళు నా తలమీద దండని పట్టుకుని కొంచెం పక్కకి లాగాయి. వాడు ఎడమకి వంచి పెట్టుకునేవాడు అన్నాడు. కర్ర తీసుకుని మేకల్ని తోలుకుని పైకి వెళ్ళిపోయాడు.

మార్చి 7, గురువారం

ఎడమకి వంచుకునే వెళ్ళాను.

పిన్ని కళ్ళు తెరవలేదు. ఫర్హాన్, ఇంకో కప్పు పోయనా అంది.

పొయ్యమ్మా అన్నాను.